ఎక్సెల్‌లో ఒకే గడిలో ఉన్న అడ్రసులు విడగొట్టడం ఎలా? అర్జెంటు

పెళ్లిపనుల్లో ఉన్నా: పొద్దున్నుంచీ కూర్చున్నా, నడుం పడిపోయింది. చెల్లి పెళ్లి శుభలేఖలు పోస్టులో పంపాలి. 340 అడ్రసులు, అన్నీ మొదటి కాలమ్‌లోనే కుప్పగా ఉన్నాయి. టెక్స్ట్ టు కాలమ్స్ చేస్తే అంతా కంగాళీ అయిపోతోంది. ఎవరైనా పుణ్యం కట్టుకోండి.

ఒక్కమాట: కంట్రోల్ ఈ.

పెళ్లిపనుల్లో ఉన్నా: అంటే ఏంటండీ?

ఒక్కమాట: ఫ్లాష్ ఫిల్. ఒక గడి నింపి చూపిస్తే మిగతావి అదే నింపుతుంది.

యూనికోడ్ మాస్టారు: ముందు ఒకటి చెప్పు బాబూ, ఏ ఫాంటులో కొట్టించావు? ప్రెస్సువాళ్లు అను ఫాంటులో ఇచ్చిన ఫైలైతే అందులో ఉన్నవి తెలుగక్షరాలే కావు, తెలుగు వేషం కట్టిన ఇంగ్లీషు అక్షరాలు. ఇంకో కంప్యూటర్లో తెరిస్తే వేషం ఊడిపోతుంది. ఇరవయ్యేళ్లుగా మొత్తుకుంటున్నా.

పెళ్లిపనుల్లో ఉన్నా: ఇంగ్లీషులోనే కొట్టామండీ.

యూనికోడ్ మాస్టారు: అదింకా ఘోరం. లోపల శుభలేఖ తెలుగులో, కవరు మీద ఇంగ్లీషులోనా?

గోదారి గట్టు: మాస్టారూ, కుర్రాడి గోల అది కాదు. తమ్ముడూ, కంగాళీ అంటే మాకేం తెలుస్తుంది? ఒక్క అడ్రసు ఉన్నదున్నట్టు పెట్టు.

పెళ్లిపనుల్లో ఉన్నా: తెలుగులో రాస్తున్నా: మేనత్త, 3-5-12, కొత్తపేట, తెనాలి. కామాల దగ్గర బాగానే విడిపోతోంది. ఇంటి నంబరే 03-05-2012 అవుతోంది. అందరిదీ కాదు, అదే అర్థం కావట్లేదు. బాబాయిది 13-45-7, అలాగే ఉంది. పెద్దమ్మది 5-2, అది ఫిబ్రవరి ఐదో తారీకు అయి కూర్చుంది. ఆ కాలమ్‌ని టెక్స్ట్‌గా మారిస్తే మేనత్త ఇల్లు 41032 అయింది. ఆవిడ అసలే అలిగే మనిషి.

గోదారి గట్టు: ఇది కదా మొదట చెప్పాల్సింది! తేదీలా కనబడ్డదల్లా తేదీ చేసేస్తుంది. బాబాయి నంబర్లో 45వ నెల లేదు కాబట్టి బతికిపోయాడు. తేదీని అది లోపల 1900 జనవరి 1 నుంచి రోజుల లెక్కగా దాచుకుంటుంది, నీ 41032 ఆ లెక్కే. ఇప్పుడు టెక్స్ట్ చేసినా పాత నంబరు రాదు, విడగొట్టేటప్పుడే చెప్పాలి. మొదటి పేజీలో డీలిమిటెడ్, రెండోదాంట్లో కామాకి టిక్కు. మూడోదాంట్లో కింద నమూనా కనిపిస్తుంది చూడు, అందులో ఇంటి నంబర్లున్న భాగం మీద క్లిక్ చేసి, పైన జనరల్ బదులు టెక్స్ట్ పెట్టు. ఆ తర్వాతే ఫినిష్. కామా పక్కన ఖాళీలున్నాయి కదా, ముందే రీప్లేస్‌లో కామా-ఖాళీని ఒట్టి కామా చేసుకో.

ఒక్కమాట: ఈ దెబ్బకే 2020లో కొన్ని జన్యువుల పేర్లు మార్చారు. మార్చ్1 అనే జన్యువు పేరు కొడితే ఎక్సెల్ మార్చి ఒకటో తారీకు చేసేది. ఇప్పుడు మార్చ్‌ఎఫ్1.

నిలువుగీత: అందరూ కాలమ్ కాలమ్ అంటారేమిటి? నిలువు వరుస అనొచ్చుగా.

యూనికోడ్ మాస్టారు: వరుస అంటే అడ్డంగా ఉండేదేనండీ. నిలువుది పట్టీ.

నిలువుగీత: పట్టీ కాలికి కట్టుకునేది.

గోదారి గట్టు: పెళ్లివారింట్లో మీరు వరుసలు కలపకండి బాబూ.

పెళ్లిపనుల్లో ఉన్నా: మూడో పేజీ ఉందనే తెలీదన్నా, రెండోదాంట్లోనే ఫినిష్ కొట్టేస్తున్నా! ఇంకో గొడవ. పక్క కాలమ్‌లో "చేతికిచ్చాం" అని గుర్తులు పెట్టుకున్నా, అవన్నీ పోయాయి.

గోదారి గట్టు: ఉన్నదాని మీద రాసెయ్యనా అని అడిగి ఉంటుందే?

పెళ్లిపనుల్లో ఉన్నా: అడిగింది. ఓకే నొక్కా.

గోదారి గట్టు: కంట్రోల్ జడ్ కొట్టు.

పెళ్లిపనుల్లో ఉన్నా: సేవ్ చేసి మూసేశా.

గోదారి గట్టు: నీకో దండం. అసలు లిస్టు ఎక్కడో ఉండాలిగా? అది తెచ్చుకుని, కుడి పక్కన ఖాళీ కాలమ్‌లు నాలుగైదు పెట్టుకుని మళ్లీ మొదలెట్టు. "రామాలయం ఎదురుగా" లాంటి అదనపు కామాలున్న చోట ఊరు పక్కకి జరిగిపోతుంది, అవి చేత్తోనే సర్దుకోవాలి.

పెళ్లిపనుల్లో ఉన్నా: నాన్న వాట్సాప్‌లో ఉందండీ, చూస్తా.

నిలువుగీత: సెల్‌ని గడి అనడం మాత్రం నాకు సమ్మతమే.

పెళ్లిపనుల్లో ఉన్నా: అయిందండీ. కవర్లు పోస్టులో వేసేశాం. థాంక్స్.

యూనికోడ్ మాస్టారు: ఇంతకీ కవర్ల మీద తెలుగులో వేయించావా?