వానాకాలంలో జలపాతాలు మూసేయడం న్యాయమేనా? పిల్లాపాపలతో తిరిగేవాళ్లు చెప్పండి

పులిహోర_డబ్బా

ముందు పోయిన ఆదివారం ఏం జరిగిందో చెప్తాను, తర్వాత ప్రశ్న.

తెల్లవారుజామున నాలుగున్నరకి హైదరాబాద్‌లో బయల్దేరాం. కారులో మేమిద్దరం, తొమ్మిదేళ్ల పాప, ఐదేళ్ల బాబు, మా అత్తయ్య. ఆవిడ రాత్రే పులిహోర కలిపి పెట్టారు. పొద్దున పెరుగన్నం, ఊరమిరపకాయలు వేరే డబ్బాలో సర్దారు. ఏ జలపాతమో పేరెందుకులెండి, ఎవరినీ బజారుకీడ్చాలని లేదు. ఆరుగంటల ప్రయాణం చేసి గేటు దగ్గరికి వెళ్తే అడ్డంగా గొలుసు, పక్కన "ప్రవేశం లేదు" అని ఫ్లెక్సీ. నీళ్ల హోరు వినపడుతోంది. "అమ్మా, అక్కడ వాన పడుతోందా?" అన్నాడు బాబు. జలపాతం గురించి వాడికి తెలిసింది అంతే.

వెనక్కి తిప్పుతుంటే బైక్ మీద ఒక కుర్రాడు వచ్చాడు. "సార్, లోపల ఇంకోటి ఉంది, గేటూ లేదు టికెట్టూ లేదు, ఐదొందలివ్వండి" అన్నాడు. మావారు బండి ఆపారు కూడా. అత్తయ్య ఒప్పుకోలేదు. చివరికి రోడ్డు పక్కన చింతచెట్టు కింద పులిహోర తిని వచ్చేశాం.

ఇప్పుడు నా ప్రశ్న. వేసవిలో వెళ్తే బండరాళ్లు తప్ప ఏమీ ఉండవు. నీళ్లున్నప్పుడేమో మూసేస్తారు. మరి కుటుంబంతో చూసేదెప్పుడు?

గోదారిగట్టు

మూశారు కాబట్టే ఇంటికొచ్చి ఈ పోస్టు రాయగలిగారండీ.

పులిహోర_డబ్బా

ఇలాంటి జవాబు వస్తుందని తెలుసు. మేం నీళ్లలో దిగడానికి వెళ్లలేదు. దూరంగా నిలబడి చూసి రావడానికి కూడా వీల్లేదా? తాగి దూకే కుర్రాళ్ల వల్ల మా పిల్లలకెందుకు శిక్ష?

గోదారిగట్టు

సారీ అండీ, నోరు జారాను. కానీ ఆ "కుర్రాళ్ల వల్ల" అనే మాట దగ్గరే నాకు పేచీ. 2024 జూన్ 30న మహారాష్ట్ర లోనావాలాలో భూషి డ్యామ్ వెనక జలపాతం దగ్గర ఐదుగురు కొట్టుకుపోయారు కదా. ఆ వీడియో మీరూ చూసే ఉంటారు. వాళ్లది కుటుంబమే. పిల్లల్ని మధ్యలో పెట్టుకుని, ఒకరినొకరు పట్టుకుని నీళ్ల మధ్య నిలబడ్డారు. వాళ్లు దిగినప్పుడు అంత నీరు ఉండుంటే దిగేవాళ్లే కాదు.

మన దగ్గర అదే ఏడాది సెప్టెంబరులో మారేడుమిల్లి జలతరంగిణి జలపాతం. ఉన్నట్టుండి వరద వచ్చింది, ముగ్గురు వైద్య విద్యార్థులు పోయారు. ఒడ్డున బాగానే ఉంది కదా అనుకున్న నిమిషానికి అది ఒడ్డే కాకుండా పోతోంది.

వాగుకవతల

నాది ములుగు జిల్లా. అందరూ జలపాతం గురించి మాట్లాడుతున్నారు గానీ, ప్రాణం తీసేది చాలాసార్లు జలపాతం కాదు, దానికి వెళ్లే దారిలోని వాగు.

2023 జులై చివరివారం గుర్తుందా? వెంకటాపురం మండలం వీరభద్రవరం దగ్గర ముత్యాలధారకి ఎనభై మంది దాకా వెళ్లారు. పోయేటప్పుడు వాగు దాటే పోయారు, అప్పుడు పెద్దగా నీళ్లు లేవు. జలపాతం చూశారు, ఫొటోలు దిగారు. తిరిగొస్తే వాగు పొంగి ఉంది. అడవిలో చీకటి పడింది. ఎత్తుగా ఉన్న చోటుకి వెళ్లండి, వాగు మాత్రం దాటొద్దు అని పోలీసులు ఫోన్లో చెబుతూ వచ్చారు. ఎన్డీఆర్‌ఎఫ్ వాళ్లు రాత్రి వెళ్లి, తెల్లారేలోపు ఇవతలికి తెచ్చారు. మాట విని ఆగారు కాబట్టి బతికారు. ఆకలేస్తోంది, పిల్లలు ఏడుస్తున్నారు అని ఒక్కరు దిగినా వెనక పదిమంది దిగేవాళ్లు.

అందుకని అక్కా, ఆ బైక్ కుర్రాడి వెంట వెళ్లకుండా ఆపిన మీ అత్తయ్యకి నా దండం చెప్పండి.

ఇద్దరుపిల్లల_నాన్న

అందరూ భయపెట్టేవాళ్లే. రోడ్డు మీద ప్రమాదాలు జరుగుతున్నాయని రోడ్లు మూస్తున్నామా? మా చిన్నప్పుడు మా నాన్న తలకోనకి తీసుకెళ్లి తలమీద నీళ్లు పడేలా నిలబెట్టేవాడు. ఊపిరాడేది కాదు, కళ్లు మండేవి, అయినా వచ్చే ఏడాది మళ్లీ ఎప్పుడని అడిగేవాళ్లం. మా పిల్లలకి జలపాతమంటే మాల్‌లో గోడ మీంచి కారే నీళ్లే. మూయడం తేలిక, ఒక తాళం చాలు. తెరిచి ఉంచి మనుషుల్ని కాపాడాలంటే ఉద్యోగులు కావాలి, తాళ్లు కావాలి, కంచె కావాలి. ఆ ఖర్చు తప్పించుకోవడానికే తాళం అంటాను.

చెన్నపట్నం_తెలుగు

నాన్నగారి మాటలో సగం నిజం ఉంది. మేం చెన్నైలో ఉంటాం, ఏటా కుర్తాళం వెళ్తాం. అక్కడ పెద్ద జలపాతం కింద ఒక ఆర్చ్ ఉంటుంది. నీరు ఆర్చ్ దాటి దూకుతోందంటే స్నానం బంద్. పోలీసులు అందరినీ బయటికి పంపేస్తారు. తగ్గాక మళ్లీ వదుల్తారు. పొద్దున ఆపి సాయంత్రం వదిలిన రోజులున్నాయి, మూడురోజులు వదలని సార్లూ ఉన్నాయి. ఆడవాళ్లకి వేరే చోటు, మగవాళ్లకి వేరే చోటు, పట్టుకోవడానికి కడ్డీలు. ఇదంతా వానాకాలంలోనే. జూన్, జులైలో "సీజన్" వచ్చిందంటే ఊరంతా తలకి నూనె రాసుకుని క్యూలో నిలబడి ఉంటుంది.

అక్కడా పొరపాట్లు జరిగాయి. 2024 మేలో పాత కుర్తాళంలో ఒక్కసారిగా వరద వచ్చి పదిహేడేళ్ల పిల్లాడు కొట్టుకుపోయాడు. అయినా సీజన్ మొత్తం తాళం వేసుకుని కూర్చోలేదు. గంటకోసారి చూసి ఆపడం వేరు, మూడునెలలు మూసేయడం వేరు.

లెక్కల_మాస్టారు

"పిల్లాణ్ణి గట్టిగా పట్టుకుంటాను, ఏం కాదు" అనే తండ్రుల కోసం ఒక చిన్న లెక్క. ఘనమీటరు నీరు వెయ్యి కిలోలు. ప్రవాహవేగం రెట్టింపయితే కాళ్ల మీద పడే తోపు రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. వేగం మూడింతలైతే తొమ్మిది రెట్లు. మోకాలి లోతే కదా అని ఇందాక నిలబడ్డ చోటే పది నిమిషాల తర్వాత నిలబడలేకపోవడానికి కారణం ఇదే. లోతు జానెడు పెరిగినట్టు కంటికి కనబడుతుంది, వేగం కనబడదు. కింద పాచి పట్టిన బండ ఉందంటే ఇక పట్టుకున్న చేయి ఎంత గట్టిదైనా ఒకటే. ఇద్దరూ కలిసి జారతారు.

వాజేడు_పోరడు

మాది ములుగు జిల్లాలనే వాజేడు మండలం, బొగత జలపాతానికి దగ్గర ఊరు. రోడ్డు మీద మా అమ్మ మక్కకంకులు కాల్చి అమ్ముతది. నేను సెలవులకి వచ్చినప్పుడు మిర్చి బండి దగ్గర కూర్చుంటా. జలపాతం మూసిన రోజు మాకు బేరం లేదు. అయినా మూయాల్సిన రోజు మూయాల్నే అంటా నేను.

బొగత నీళ్లు చీకుపల్లి వాగువి. పైన గుట్టలు. అక్కడ మబ్బు పగిలినట్టు వాన పడితే ఇక్కడ ఎండ కొడుతుంటది. హైదరాబాద్ నుంచి వచ్చినోళ్లు ఆకాశం దిక్కు చూసి "వాన లేదుగా, గేటు తెరవండి" అని లొల్లి పెడతరు. బండరాయి గుట్ట నీళ్లని తాగదు, పడ్డవి పడ్డట్టే కిందికి తోసేస్తది.

మేం చిన్నప్పటి నుంచి చూసే గుర్తులు చెప్తా. తేటగా ఉన్న నీళ్లు ఎర్రగ తిరుగుతున్నయంటే లేచి రావాలె. ఎండుటాకులు, పుల్లలు, నురుగు గుంపుగా వస్తుంటే ఇంకా లేటు చేయొద్దు. చప్పుడు మారుతది. సన్నగ గలగలమనేది బరువుగ గుమ్మంటది. సెల్ఫీ వీడియోలో పాట పెట్టుకున్నోనికి ఆ చప్పుడు ఏం వినబడుతది?

ఇంకో మాట. ఐదొందలకి లోపలికి తీసుకపోతా అనే పోరగాళ్లు మా వాళ్లే. తప్పే చేస్తున్నరు. గేటు మూసిన రోజు వాళ్లకి వేరే పని ఏముందో అది కూడా అడగాలె.

పులిహోర_డబ్బా

తమ్ముడూ, ఈ నీళ్ల రంగు సంగతి నాకు నలభై ఏళ్లలో ఎవరూ చెప్పలేదు. గేటు దగ్గర ఫ్లెక్సీ మీద "ప్రవేశం లేదు" బదులు ఇది రాస్తే ఎంత బాగుండేది.

అసలు నా కోపం ఎక్కడుందో ఇప్పుడు నాకే అర్థమవుతోంది. మూసినందుకు కాదు. ఆరుగంటలు వెళ్లేదాకా ఎవరూ చెప్పనందుకు. బయల్దేరే ముందు రాత్రి ఫోన్లో వెతికాను. కనబడినవన్నీ రీల్సే. పోయిన ఏడాది వీడియోకి "ఈ వీకెండ్ తప్పక వెళ్లండి" అని రాసి పెట్టారు.

సాక్రమెంటో_సుబ్బు

అమెరికా కబుర్లు చెప్తున్నానని తిట్టకండి, పనికొచ్చేదే చెప్తా. యూటాలో జియోన్ నేషనల్ పార్క్ ఉంది. అందులో నారోస్ అని, రెండు నిట్టనిలువు కొండగోడల మధ్య నదిలోనే నడుచుకుంటూ పోయే దారి. పిల్లలతో వెళ్లాం. ప్రవాహం 150 క్యూసెక్కులు దాటితే ఆ దారి మూసేస్తారు. అంకె అంతే, వాదన లేదు. ఆకస్మిక వరద హెచ్చరిక వచ్చినా మూసేస్తారు. ఆరోజు వరద వచ్చే అవకాశం ఎంతుందో నాలుగు మెట్లుగా చెప్తారు. అది హోటల్ గదిలోనే చూసుకున్నాం. రెండోరోజు బాగా లేదంటే మానేసి గదిలో పేకాట ఆడుకున్నాం. ఎవరి మీదా కోపం రాలేదు.

ఇద్దరుపిల్లల_నాన్న

ఇదీ మాట! మనకి క్యూసెక్కులు కొత్తా? వానాకాలం వస్తే శ్రీశైలం ఇన్‌ఫ్లో ఎంత, సాగర్ గేట్లు ఎన్ని ఎత్తారు, భద్రాచలం దగ్గర గోదావరి ఎన్ని అడుగులుంది, మొదటి ప్రమాద హెచ్చరిక 43 అడుగులు, అన్నీ టీ కొట్టు దగ్గర కూర్చున్నవాడు కూడా గడగడా చెప్తాడు. జలపాతానికి మాత్రం ఏ అంకే లేదు. ఉంటే ఫ్లెక్సీ, లేకపోతే లేదు.

గోదారిగట్టు

ఒప్పుకుంటున్నా. కానీ భద్రాచలం దగ్గర గోదావరి పెరగడానికి గంటలు, రోజులు పడుతుంది. గుట్ట మీది వాగు అలా కాదు, అరగంటలో లేస్తుంది. ఆ అంకె వాట్సాప్‌లో మీకు చేరేసరికి కిందున్నవాడి చెప్పులు గోదాట్లో ఉంటాయి. అంకె ఇంట్లో ఉన్నవాణ్ణి ఆపుతుంది గానీ అక్కడున్నవాణ్ణి ఆపదు. అక్కడ కావాల్సింది ఈలవేసే మనిషి, పైన ఎక్కడో వాగు దగ్గర కూర్చుని కిందికి కబురు చెప్పే ఇంకో మనిషి.

వాజేడు_పోరడు

ఆ పైన కూర్చునే పనికి మా ఊరి పోరగాళ్లని పెట్టుకోమనుండ్రి. ఐదొందల దందా ఆ రోజే బందయితది.

గోదారిగట్టు

ఈ మాట మాత్రం అసెంబ్లీలో చెప్పాల్సింది.

మెట్లుదిగని_మామ్మ

నాకు డెబ్బై రెండు. మా మనవడు టైపు చేసి పెడుతున్నాడు. ఇందాకటి నుంచి అందరూ వరదల గురించే మాట్లాడుతున్నారు. కుటుంబంతో వెళ్లడమంటే మాలాంటివాళ్లూ ఉంటారు నాయనా. కుంటాల జలపాతానికి వెళ్లాం. కడెం వాగు మీద అంత ఎత్తునుంచి, 45 మీటర్లట, దూకుతుంటే చూడాలని ఎన్నాళ్లనుంచో కోరిక. తీరా వెళ్తే వందల కొద్దీ మెట్లు దిగాలన్నారు. దిగడం సరే, ఎక్కేదెవరు? పైనే బెంచీ మీద కూర్చున్నా. వీళ్లందరూ కిందికెళ్లి ఫొటో తెచ్చి ఫోన్లో చూపించారు. ఆ ఫొటో ఇంట్లో కూర్చునే చూద్దును కదా. గేటు తెరిచినా నాలాంటిదానికి మూసినట్టే.

పులిహోర_డబ్బా

మామ్మగారూ, మా అత్తయ్య మీ పోస్టు చదివించుకుని రెండుసార్లు విన్నారు. "ఈవిడ నెంబరు అడుగు" అంటున్నారు.

వాగుకవతల

అక్కా, ఈసారి మా ములుగు వైపు వస్తే ఒక మాట. జలపాతం ఒక్కదాన్నే నమ్ముకుని రావద్దు. ఏటూరునాగారం రోడ్డులోనే పాలంపేట రామప్ప గుడి ఉంది, 2021లో యునెస్కో జాబితాలో చేరింది. నీళ్లమీద తేలే ఇటుకలతో శిఖరం కట్టారని పిల్లలకి చెప్తే కళ్లింత చేసుకుంటారు. పక్కనే లక్నవరం, వేలాడే వంతెన. మీ అత్తయ్యగారు కారు దిగి నాలుగడుగులేస్తే చెరువు కనబడుతుంది. వాన పడుతున్నా అక్కడ చూడ్డానికి ఏదో ఒకటి ఉంటుంది. గేటు తెరిస్తే బొగత, తెరవకపోతే ఇవి.

ఇద్దరుపిల్లల_నాన్న

గుడి చూపించి జలపాతం మరిపిస్తారన్నమాట. మా చిన్నది ఒప్పుకోదు. అయినా రాసి పెట్టుకున్నా.

పులిహోర_డబ్బా

వచ్చే శనివారం మళ్లీ బయల్దేరి బొగతకి వెళ్దామంటున్నారు మావారు. అత్తయ్య షరతు ఒక్కటే, శుక్రవారం రాత్రి వాజేడు అబ్బాయి చెప్పాకే పులిహోరకి చింతపండు నానబెడతారట. తమ్ముడూ, శ్రమ అనుకోకుండా ఒక్క మాట రాసి పెట్టగలవా?

వాజేడు_పోరడు

రాస్తా అక్కా. ఇగ రోజూ ఇక్కడనే పెడతా, ఎవరికన్నా పనికొస్తది.

ఇయ్యాల పొద్దుగాల ఆరింటికి: నీళ్లు ఎర్రగనే ఉన్నయి. పుల్లలు తగ్గినయి. గేటుకి గొలుసు ఉంది. పైన గుట్టల మీద మబ్బు.