వెటరన్స్ కోర్టుకు మనుషుల్ని లాటరీ తీసి పంపొచ్చా?

లెక్కల_మాస్టారు:
ఇక్కడ అమెరికాలో, మా కౌంటీలో మాజీ సైనికుల ట్రీట్‌మెంట్ కోర్టు పనిచేస్తోందో లేదో తేల్చే పని మా చిన్న ఆఫీసుకు వచ్చింది. తెలియనివాళ్ల కోసం: తాగుడు, డ్రగ్స్, యుద్ధం మిగిల్చిన పీటీఎస్‌డీ అనే మానసిక జబ్బు వల్ల కేసుల్లో ఇరుక్కున్నవాళ్లను నేరుగా జైలుకు తోసేయకుండా, ఏడాదో ఏడాదిన్నరో జడ్జి కనుసన్నల్లో చికిత్స చేయిస్తారు. తరచూ కోర్టుకు హాజరు కావాలి, యూరిన్ టెస్టులివ్వాలి, తోడుగా ఇంకో మాజీ సైనికుడు మెంటార్‌గా ఉంటాడు. చివరిదాకా నిలబడితే ‘గ్రాడ్యుయేషన్’. అప్పుడు కేసు కొట్టేస్తారు, లేదా శిక్ష తగ్గిస్తారు. 2008లో న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలోలో జడ్జి రాబర్ట్ రసెల్ మొదటిది పెట్టారు, ఇప్పుడు దేశంలో వందల్లో ఉన్నాయి.

మా దగ్గర అర్హులు ఎక్కువ, సీట్లు తక్కువ. లాటరీ తీద్దాం అన్నాను. తగిలినవాళ్లు ఈ కోర్టుకు, తగలనివాళ్లు మామూలు కోర్టుకు. మూడేళ్లు ఆగి, మళ్లీ ఎవరు అరెస్టయ్యారో చూద్దాం. కమిటీలో సగం మంది నన్ను కసాయివాణ్ణి చూసినట్టు చూశారు. మీరేమంటారు?

అలాస్కా_చలి:
మొదటిది బఫెలో కాదు. యాంకరేజ్, 2004.

గుంటూరు_నాన్న:
హెచ్1బీ లాటరీ తగలక పెట్టె సర్దుకున్న పిల్లల్ని చూశాం. అది ఉద్యోగం, పోతే ఇంకోటి. ఇక్కడ మనిషి రాత్రిళ్లు నిద్రపట్టక గోడలు గుద్దుకుంటుంటే చీటీ తీసి ‘నీకు లేదు పో’ అంటారా? మందు పనిచేస్తుందని తెలిసీ దాచిపెట్టడం కాదా ఇది?

లెక్కల_మాస్టారు:
పనిచేస్తుందని తెలిస్తే నాకీ పని ఎందుకిస్తారండీ? పైగా లాటరీ ఇప్పుడూ ఉంది, కనిపించదంతే. ప్రాసిక్యూటర్ ఎవరికి తలూపుతాడు, మీ లాయరుకు ఈ కోర్టు ఉందన్న సంగతైనా తెలుసా, సైన్యం ఇచ్చిన డిశ్చార్జి కాగితంలో ఏం రాసుంది. వీటితోనే సగం మంది బయట ఆగిపోతారు. బాగుపడే లక్షణాలున్నవాళ్లను ఏరి చేర్చుకుని, బాగుపడ్డారు చూడండి అంటే, టీవీలో ‘ఒకటి ఒకటి ఒకటి, రెండు రెండు’ అని అరిచే కాలేజీ ప్రకటనకూ దీనికీ తేడా ఏముంది?

బఫెలో తొలి గ్రాడ్యుయేట్లలో ఒక్కరూ మళ్లీ అరెస్టు కాలేదని పేపర్లు రాశాయి. గ్రాడ్యుయేట్లలో! మధ్యలో పోయినవాళ్ల మాటేంటి? డ్రగ్స్ కేసులకు ఇదే పద్ధతిలో నడిచే బాల్టిమోర్ డ్రగ్ కోర్టులో 235 మందిని చీటీ పద్ధతిలోనే విడదీశారు. రెండేళ్లలో మళ్లీ అరెస్టయినవాళ్లు డ్రగ్ కోర్టు వైపు 66 శాతం, మామూలు కోర్టు వైపు 81 శాతం. మధ్యలో మానేసినవాళ్లను కూడా కలిపి లెక్కేస్తే నిజం ఇలా ఉంటుంది. మేలు జరిగింది, అద్భుతం జరగలేదు.

కృష్ణవేణి_ఒహాయో:
భార్యను కొట్టి వచ్చినవాళ్లనూ కొన్ని కోర్టులు తీసుకుంటున్నాయి. వాళ్ల ఇంటికి ఫోన్ చేసి ఎలా ఉందమ్మా అని అడిగే కాలమ్ ఉందా మీ పట్టికలో? నాకు తెలిసిన ఒకావిడ మళ్లీ పోలీసుల్ని పిలవలేదు. మీ లెక్కలో వాడు బాగుపడినట్టేగా.

గ్రీన్‌కార్డు_గోల:
సిటిజన్‌షిప్ రాని మాజీ సైనికులు ఒకటి చూసుకోవాలి. ముందు నేరం ఒప్పుకుంటేనే చేర్చుకునే కోర్టుల్లో, తర్వాత కేసు కొట్టేసినా ఇమిగ్రేషన్‌వాళ్లకు అది నేరం రుజువైనట్టే. డిపోర్టేషన్ దాకా పోవచ్చు. గ్రాడ్యుయేషన్ ఫొటో చూపిస్తే ఊరుకోరు.

లెక్కల_మాస్టారు:
కృష్ణవేణి గారూ, మంచి మాట, కానీ కాంట్రాక్టులో రాసింది అరెస్టుల వరకే. నా అసలు తలనొప్పి గడియారం. మూడేళ్లు ఎప్పటినుంచి లెక్కపెట్టాలి? గ్రాడ్యుయేషన్ రోజు నుంచి అంటే మోసం, అప్పటికే బలహీనులు రాలిపోతారు. కోర్టులో చేరిన రోజు నుంచి అంటే, మామూలు కోర్టువాడు ఏడాది జైల్లో ఉంటాడు, లోపలున్నవాణ్ని ఎవరు అరెస్టు చేస్తారు? ఇంకో చిక్కు. మామూలు కోర్టుకు వెళ్లినవాడి దగ్గరికీ వీఏ (మాజీ సైనికుల బాగోగులు చూసే ప్రభుత్వ శాఖ) మనిషి వెళ్లి వైద్యం ఇప్పిస్తాడు. అంటే మనం కొలిచేది వైద్యాన్ని కాదు, పైన కూర్చున్న జడ్జినీ పక్కనున్న మెంటార్‌నీ.

మెంటార్_మామ:
మెంటార్‌ను కొలుస్తారట. నాకు బీపీ చూడండి చాలు.

గుంటూరు_నాన్న:
గడియారాలు తర్వాత. ‘మధ్యలో పోయినవాళ్లు’ అని రాశారే, ఆ మాట వెనక్కి తీసుకోండి. పోలేదు. గెంటేశారు.

లెక్కల_మాస్టారు:
లెక్కల్లో వాడే మాట అది. దానికి అంత కోపమా? నేను వాళ్లను కలపాలనే కదా మొత్తుకుంటున్నది. పైన చదివారా అసలు?

గుంటూరు_నాన్న:
చదివాను మాస్టారూ. నాలుగుసార్లు చదివాను. మావాడు ఎనిమిదేళ్లప్పుడు మాతో ఇక్కడికొచ్చాడు. పద్దెనిమిది నిండగానే మెరైన్స్‌లో చేరాడు, అఫ్గానిస్తాన్ యుద్ధానికి, హెల్మండ్ వెళ్లొచ్చాడు. తాగి కారు నడిపాడు, పోలీసును నెట్టాడు. లాయరు ఆరు నెలల జైలుకు బేరం కుదిరిందన్నాడు. మేమే, నేనూ వాళ్లమ్మా, కాళ్లావేళ్లా పడి ఈ కోర్టులో చేర్పించాం. నేరం ఒప్పుకుంటేనే చేర్చుకుంటామన్నారు, ఒప్పుకున్నాడు. తర్వాత టెస్టు పోతే మూడు రోజులు లోపల, మీటింగుకు రాకపోతే ఐదు రోజులు లోపల. పద్నాలుగో నెలలో తీసేశారు. అప్పుడు పడింది రెండేళ్లు. జైలుకు పంపకుండా చికిత్స చేయిస్తారని పైన రాశారు చూడండి, వాడు జైల్లో ఉన్న రోజులు ఎవరు లెక్కపెట్టారు?

వాడు మళ్లీ అరెస్టు కాలేదు. మీ పట్టికలో వాడి పక్కన సున్నా పడుతుంది. గెలుపన్నమాట.

అలాస్కా_చలి:
క్షమించాలి అంకుల్.

లెక్కల_మాస్టారు:
అయ్యా, ఇది ముందే చెప్పుంటే ఇంత రాద్ధాంతం ఉండేది కాదు. కానీ ఒకటి అడుగుతాను, తిట్టుకోకండి. ఆరు నెలల బేరమే ఒప్పుకుని లోపలికెళ్లుంటే వాడిప్పుడు ఎలా ఉండేవాడో మీకూ తెలియదు, నాకూ తెలియదు. లాటరీ అడుగుతున్నది అందుకే.

గుంటూరు_నాన్న:
లాటరీ తీసుకోండి, నాకేం. ఏది గెలుపో మీ కౌంటీ ముందే రాసిపెట్టుకుంది, నా గొడవ అదీ. లాటరీ తగిలినవాడు చేరిన రోజు నుంచి కటకటాల వెనక ఎన్ని రాత్రులు గడిపాడు, తగలనివాడు ఎన్ని గడిపాడు. ఆ రెండు అంకెలూ మొదటి పేజీలో వేస్తారా?

లెక్కల_మాస్టారు:
జైలు రోజుల రికార్డు షెరీఫ్ ఆఫీసులో ఉంటుంది, తీయొచ్చు. మొదటి పేజీ నా చేతుల్లో లేదు. డబ్బిచ్చేది వాళ్లు.

కృష్ణవేణి_ఒహాయో:
నా ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు.

గుంటూరు_నాన్న:
రిపోర్టు మీద సంతకం మీదే కదా మాస్టారూ.