షార్లమేన్‌కి గియోమ్ 'కజిన్' అంటే తెలుగులో ఏం రాయాలి?

[మొదటి పోస్ట్]

అందరికీ నమస్తే. చిన్న సాయం కావాలి. ఫ్రాంకుల కాలం నాటి ఒక దొర మీద నలుగురం కలిసి తెలుగులో వ్యాసం రాస్తున్నాం, పేరు గియోమ్, గెలోన్ గియోమ్ అంటారు, తూలూజ్‌కి కౌంట్‌గా, అంటే ఆ ప్రాంతం పాలించే అధికారిగా చేసి చివర్లో మఠంలో చేరిపోయాడు, తర్వాత సెయింట్ కూడా అయ్యాడు. ఇంగ్లీషులో ఎక్కడ చూసినా ఫ్రాంకుల చక్రవర్తి షార్లమేన్‌కి కజిన్ అని ఒక్క ముక్కతో తేల్చేశారు. మాకు అక్కడే బండి ఆగింది. ఒకరు 'సోదరుడు' అన్నారు, ఇంకొకరు రాజుల కథ కదా 'దాయాది' అయితే బరువుగా ఉంటుందన్నారు, ఒక మేడమ్ 'జ్ఞాతి' అన్నారు. నాకైతే 'దగ్గరి బంధువు' అని రాసేసి బయటపడదామనిపిస్తోంది. ఏమంటారు?

[జవాబు]

బయటపడకండి అండీ, ఇది మంచి చిక్కు. మన భాషలో వరస తెలియకుండా చుట్టరికం చెప్పలేం, కాబట్టి ముందు వాళ్ళ చుట్టరికం ఏ వైపు నుంచో చూడాలి.

గియోమ్ 804లో గెలోన్ అనే చోట, అంటే దక్షిణ ఫ్రాన్స్‌లో ఎరో నది లోయలో, మఠం కట్టించాడు. దానికి భూములు రాసిచ్చిన పత్రంలో అమ్మానాన్నల పేర్లున్నాయి: తండ్రి థియోడరిక్, తల్లి ఆల్డానా. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, పిల్లలు, ఇద్దరు భార్యలు, అందరి పేర్లూ ఉన్నాయి, వీళ్ళందరి ఆత్మల కోసం ఇస్తున్నా అని. కానీ ఆల్డానా ఎవరి కూతురో ఆ పత్రంలో లేదు. షార్లమేన్ తాత చార్లెస్ మార్టెల్ కూతురు అని చరిత్రకారులు చాలామంది అంటారు. (మార్టెల్ అంటే సుత్తి. 'సుత్తి చార్లెస్' అని మాత్రం రాయకండి, మనవాళ్ళు వేరే అర్థం తీస్కుంటారు.) ఆ లెక్కన పొట్టి పెపిన్ ఆవిడకి తోడబుట్టినవాడు, పెపిన్ కొడుకు షార్లమేన్, అంటే ఆల్డానా షార్లమేన్‌కి మేనత్త, గియోమ్ మేనత్త కొడుకు. అంతే, అయిపోయింది. సోదరుడూ కాదు దాయాదీ కాదు.

సోదరుడు ఎందుకు కాదంటే మేనత్త కొడుకుని మనం అన్నా తమ్ముడూ అనం కాబట్టి. ఇప్పుడు 'కజిన్ బ్రదర్' అనే మాటొకటి వచ్చి అందర్నీ ఒకే గాటన కట్టేసింది గానీ ఇంట్లో మాత్రం ఎవర్ని బావ అనాలో ఎవర్ని అన్నయ్య అనాలో ఇంకా బాగానే గుర్తుంది. దాయాది ఎందుకు కాదంటే దాయం అంటేనే పంచుకోవాల్సిన ఆస్తి, అందులో వాటా ఉన్నవాడు దాయాది. షార్లమేన్‌కి అసలు సిసలు దాయాది సొంత తమ్ముడు కార్లోమన్, 768లో పెపిన్ పోగానే రాజ్యం ఇద్దరికీ పంచారు, 771లో కార్లోమన్ చచ్చిపోయాడు కాబట్టి సరిపోయింది గానీ లేకపోతే ఆ కథ ఎటు తిరిగేదో. గియోమ్‌కి ఆ రాజ్యంలో వాటా అన్న ప్రసక్తే లేదు. 'జ్ఞాతి' కూడా తండ్రి వైపు వాళ్ళకే.

ఇంకో సంగతి చూడండి. అడాల్‌హార్డ్ అని ఒకాయన ఉన్నాడు, కోర్బీ మఠానికి పెద్ద, ఆయన తమ్ముడు వాలా. వీళ్ళ నాన్న బెర్నార్ కూడా చార్లెస్ మార్టెల్ కొడుకే, పెపిన్‌కి తమ్ముడి వరస. ఇంగ్లీషులో వీళ్ళూ షార్లమేన్‌కి కజిన్సే, గియోమూ కజినే! తెలుగులో వీళ్ళు బాబాయి కొడుకులు, అన్నదమ్ముల వరస, గియోమ్ బావ వరస. ఒకే మాట కింద ఇద్దర్నీ తోసేస్తే తెలుగు పాఠకుడికి సగం కథ పోయినట్టే.

[జవాబు]

బాగా చెప్పారు. అయితే 'బావమరిది' అని రాసేయొచ్చు కదా? షార్లమేన్ 748లో పుట్టాడంటారు, గియోమ్ సుమారు 755, అంటే చిన్నవాడు. మా తెలంగాణలో అయితే 'షార్లమేన్ బామ్మర్ది' అంటే చాలు, ఎంత పెద్ద మనిషో ఎంత పలుకుబడో అన్నీ అర్థమైపోతయ్ 😀

[జవాబు]

అదే ప్రమాదం. బావమరిది అని అచ్చులో కనిపిస్తే నూటికి తొంభై మంది భార్య తమ్ముడు అనుకుంటారు, గియోమ్ అక్కని షార్లమేన్ చేసుకున్నాడు కాబోలు అని. పైగా బావ, బావమరిది అనగానే మన మనసులో మేనరికం మెదుల్తుంది. అక్కడ చర్చి దగ్గరి చుట్టరికంలో పెళ్ళిళ్ళు కూడదంటోంది, పెపిన్ కాలం నాటి సభల్లోనే దాని మీద రూల్స్ పెట్టారు. కాబట్టి మేనత్త కొడుకు అని విప్పి రాస్తే సరి. చుట్టరికం తెలుస్తుంది, లేని పెళ్ళి వాసన రాదు.

[జవాబు]

లాటిన్ కొంచెం చదివినవాణ్ణి కాబట్టి ఒక మాట. మనకున్నంత పట్టింపు వాళ్ళ లాటిన్‌లోనూ ఉండేది. పాత్రూస్ అంటే తండ్రి అన్నో తమ్ముడో, మన సంస్కృతం పితృవ్యుడికి చుట్టమే ఆ మాట. మేనమామ అవుంకులుస్, ఇది తాతని పిలిచే మాటకి ముద్దు రూపం, 'చిట్టి తాత' లాగా. మేనత్త అమిత. పిన్నీ పెద్దమ్మా మాతెర్తెర. కాకపోతే మనలాగా పెదనాన్న బాబాయ్ అని పెద్దా చిన్నా తేడా లేదు. ఫ్రెంచి కాలానికి పాత్రూస్ పోయింది, అవుంకులుసే రెండు వైపులా పరుచుకుని ఇంగ్లీషు అంకుల్ దాకా వచ్చింది, అంటే అపార్ట్‌మెంట్లో ప్రతి వాణ్ణీ అంకుల్ అంటున్నామంటే అందర్నీ మేనమామల్ని చేసుకున్నట్టే. ఆంటీ మాత్రం అసలు మేనత్త.

ఇక కజిన్. దాని మూలం కొన్‌సొబ్రీనుస్, నిజానికి అక్కచెల్లెళ్ళ పిల్లలకి వాడే మాట! అన్నదమ్ముల పిల్లలు పాత్రుయేలిస్, అన్నాచెల్లెళ్ళ పిల్లలు అమితీని. 533లో జస్టినియన్ తెప్పించిన లా పుస్తకంలో ఈ మూడూ విడివిడిగా చెప్పి, కానీ జనం అందర్నీ కలిపి కొన్‌సొబ్రీనీ అనే అంటున్నారు అని ఒక ముక్క తగిలించారు. అంటే కలగాపులగం అప్పుడే మొదలైంది. లెక్క ప్రకారం గియోమ్ షార్లమేన్‌కి అమితీనుస్, మన మేనత్త కొడుకుకి అచ్చంగా సరిపోతుంది.

నేపోస్ దగ్గర మాత్రం జాగ్రత్త. మనవడూ అదే, మేనల్లుడూ అదే, అన్న కొడుకూ అదే. పాత పత్రాల్లో ఫలానావాడి నేపోస్ అని ఉంటే ఒక తరం కిందవాడా రెండు తరాల కిందవాడా అని వంశవృక్షాలు గీసేవాళ్ళు ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉంటారు.

[మొదటి పోస్ట్ రాసినాయన]

అబ్బ, ఇంత వస్తుందనుకోలేదు, థాంక్సండీ. ఇంకో డౌట్. గియోమ్ కొడుకు బెర్నార్ గురించి తెగాన్ అనే ఆయన 'దే స్తిర్పే రెగాలి' అని రాశాడంట. 'రాజవంశీకుడు' అని పెట్టాం. ఓకేనా?

[జవాబు]

ఓకే కాదనుకుంటా. ఇక్కడే అసలు మజా ఉంది.

ముందు సందర్భం. తెగాన్ భక్త లూయీ చరిత్ర రాసిన బిషప్, ఆ లూయీ షార్లమేన్ కొడుకు. బెర్నార్ని ఒక పక్క స్తిర్పే రెగాలి అంటాడు, ఇంకో పక్క చక్రవర్తికి జ్ఞానపుత్రుడు అంటాడు, అంటే బాప్తిస్మం అప్పుడు లూయీయే చేతుల్లోకి తీసుకున్నాడన్నమాట. ఆల్డానా మార్టెల్ కూతురని నమ్మడానికి ఉన్న బలమైన ఆధారాల్లో ఈ వాక్యం ఒకటి. చూశారా, బెర్నార్‌కి రాజరక్తం నానమ్మ వైపు నుంచి వచ్చింది. స్తిర్ప్స్ అంటే మొదలు, దుంప, చెట్టు మొదలు లాంటిది. మన వంశం అన్న మాట ఉందే, అది మగవాళ్ళ దారినే నడుస్తుంది, ఆడపిల్ల పెళ్ళయి వెళ్తే ఇంటిపేరు మారిపోయింది గోత్రం మారిపోయింది, ఆవిడ మనవడు పుట్టింటి వంశీకుడు ఎప్పటికీ కాడు. ఫ్రాంకు దొరలు అలా కాదు, రెండు వైపులా లెక్కేసుకునేవాళ్ళు, తల్లి వైపు గొప్పదైతే దాన్నే ముందు పెట్టుకునేవాళ్ళు. ఇంటిపేరు లేదు కాబట్టి పిల్లాడికి ఏ పేరు పెట్టారన్నదే ఏ చెట్టు కొమ్మో చెప్పే గుర్తు. 'రాజవంశీకుడు' అంటే తెలుగువాడు మగదారి అనుకుంటాడు, అప్పుడు పట్టాభిషేకం ఎందుకు అడగలేదు అని అడుగుతాడు. 'రాజరక్తం ఉన్నవాడు' అనండి.

ఆ రాజరక్తం వాళ్ళని కాపాడిందా అంటే పెద్దగా ఏం లేదు. గియోమ్ వరకు బాగానే గడిచింది, 790లో తూలూజ్ ఇచ్చారు, 793లో ఓర్బియో నది దగ్గర కోర్దొబా (స్పెయిన్‌లోని ముస్లిం రాజ్యం) సైన్యం చేతిలో ఓడిపోయినా పదవి పోలేదు, 801లో బార్సిలోనా పట్టుకున్న సైన్యంలో ఉన్నాడు, 806లో అన్నీ వదిలేసి తను కట్టించిన మఠంలోనే మామూలు సన్యాసిగా చేరి 812లో పోయాడు. పిల్లల తరం వచ్చేసరికి రక్తపాతమే. బెర్నార్ 829లో లూయీ అంతఃపురం చూసే పెద్ద అధికారి అయ్యాడు, మరుసటేడే రాణి జూడిత్‌తో సంబంధం అంటగట్టారు, పారిపోయాడు, తమ్ముడు హెరిబెర్ కళ్ళు పొడిచేశారు. 834లో షాలోన్‌లో ఇంకో తమ్ముడు గోసెల్మ్ తల నరికించాడు లూయీ కొడుకు లొథేర్, నన్‌గా ఉన్న చెల్లెలు గెర్బెర్గాని మంత్రగత్తె అని ముద్రేసి పీపాలో పెట్టి సోన్ నదిలో పడేశారు. ఆఖరికి 844లో లూయీ ఇంకో కొడుకు బట్టతల చార్లెస్ బెర్నార్‌కీ మరణశిక్ష వేశాడు. వీళ్ళందరూ ఒకళ్ళకొకళ్ళు చుట్టాలే మరి.

[జవాబు]

బెర్నార్ అనగానే ఆయన భార్య దువోడా గుర్తొచ్చింది. మీ వ్యాసంలో ఆవిడకి చోటు ఇవ్వండి దయచేసి. 824 జూన్ 29న ఆహెన్ కోటలో పెళ్ళి, తర్వాత మొగుడు ఆవిణ్ణి దక్షిణాన ఊజెస్‌లో ఉంచేశాడు. పెద్ద కొడుకుని పద్నాలుగేళ్ళకే బట్టతల చార్లెస్ దగ్గరికి, తండ్రి నమ్మకానికి పూచీగా పంపేశారు. ఆ అబ్బాయి కోసం 841 నవంబర్ చివర మొదలుపెట్టి 843 ఫిబ్రవరి 2కి ఒక లాటిన్ పుస్తకం పూర్తి చేసింది, ఎలా బతకాలి, ఎవరికి ఎలా మర్యాద ఇవ్వాలి అని. ఆ కాలంలో ఒక గృహిణి రాసిన పుస్తకం మనకి దొరకడమే గొప్ప.

అబ్బాయి పేరు గియోమ్. తాత పేరు మనవడికి, మనింట్లో లాగే. రెండోవాడు 841 మార్చి 22న పుట్టాడు, బాప్తిస్మం కాకముందే తండ్రి మనుషుల్ని పంపి తెప్పించుకున్నాడు, పుస్తకం రాసేనాటికి ఆవిడకి ఆ పసివాడి పేరు తెలీదు. నీ తమ్ముడు, వాడి పేరు నాకింకా తెలీదు, వాడికి ఇది చదివి వినిపించు అని పెద్దవాడికి చెప్తుంది. తాత పేరు పెద్దవాడికి పెట్టేశారు, చిన్నవాడికి తండ్రి పేరు బెర్నార్ అని పెట్టారు, అది ఆవిడకి ఎప్పటికి చేరిందో.

చర్చకి సంబంధించిన సంగతి ఏంటంటే, 'నీ తండ్రి పారెంతెస్ కోసం ప్రార్థించు, వాళ్ళే ఆయనకి న్యాయంగా ఆస్తులు వదిలి వెళ్ళారు' అని ఒక మాట ఉంది అందులో. పారెంతెస్‌ని పేరెంట్స్ అనుకుని తల్లిదండ్రులు అని అనువదిస్తే తప్పు. అప్పటి లాటిన్‌లో అది చుట్టాలందరికీ, ఇప్పటి ఫ్రెంచిలోనూ ఆ వాడుక ఉంది.

[జవాబు]

ఇది చదువుతుంటే మన పద్ధతి గుర్తొస్తోంది, ఆస్తి తీసుకున్నవాడే పిండం పెట్టాలంటారు కదా. దువోడా పుస్తకం చివర చనిపోయినవాళ్ళ జాబితా కూడా ఉంది, ఎనిమిది పేర్లు, గియోమ్, కునిగుండ్, గెర్బెర్గా, విట్‌బుర్గ్, థియోడరిక్, గోసెల్మ్, గ్వార్నర్, రోత్‌లిండ్. ఒట్టి పేర్లే. తర్పణంలో మనం పేరుకి ముందు పితామహం, మాతులం అని వరస చెప్పి గోత్రం చెప్పి మరీ వదుల్తాం, ఆవిడ ఏమీ చెప్పలేదు, కొడుక్కి తెలుసు కదా అని. గ్వార్నర్, రోత్‌లిండ్ ఎవరన్నది తేల్చలేక చరిత్రకారులు ఊహలు చేస్తున్నారు. ఒక్క వరస మాట పక్కన రాసి ఉంటే ఎన్ని పేజీల గొడవ తప్పేది!

[మొదటి పోస్ట్ రాసినాయన]

సరేనండీ, ఇలా పెడుతున్నాం: "గియోమ్ తల్లి ఆల్డానా చార్లెస్ మార్టెల్ కూతురని ఎక్కువమంది అభిప్రాయం. ఆ ప్రకారం అతను షార్లమేన్‌కి మేనత్త కొడుకు." ఆఖరి ప్రశ్న, తర్వాతి వీరగాథల్లో ఈయన్ని 'పొట్టి ముక్కు గియోమ్' అంటారంట, దానికి చప్పిడిముక్కు అనొచ్చా?

[జవాబు]

వాక్యం బావుంది. ముక్కు సంగతి అంత తేలిగ్గా తెగదు. పాత ఫ్రెంచిలో మొదట 'కోర్బ్' అంటే వంపు, అంటే మన గద్దముక్కు, అది జనం నోట్లో 'కోర్త్' అయి పొట్టిదైపోయింది, పొట్టి ఎందుకయిందని అడిగితే చెప్పడానికి రోమ్‌లో ఒక రాక్షసుడు కత్తితో ముక్కు కొన కోసేశాడని కథ కట్టారు. చప్పిడిముక్కు పుట్టుకతో వచ్చేది కాబట్టి ఆ కథకి అతకదు. ముక్కిడి అంటే తెగిపోయిన ముక్కువాడు, కథకి దగ్గరే గానీ మనకి అది తిట్టు, హీరోకి పెట్టలేం. నేనైతే 'కొనతెగిన ముక్కు గియోమ్' అని పెడతా. ఇంకా మంచి మాట ఎవరికైనా తడితే కింద రాయండి.