2025 మే 8 రాత్రి టీవీ ముందు కూర్చున్న జవాన్ల ఇళ్లవాళ్లు ఎవరైనా ఉన్నారా?

గజపతినగరం అక్క:
మా తమ్ముడు సైన్యంలో ఉన్నాడు. పాకిస్తాన్‌తో పోరు నడిచిన ఆ మే నెలలో సరిహద్దు వైపే ఉన్నాడు, అంతకుమించి రాయను. 7వ తారీఖు పొద్దున ఒక్క నిమిషం మాట్లాడి, "ఫోన్ కలవకపోతే కంగారు పడకండి" అన్నాడు. 8వ తారీఖు రాత్రి కలవలేదు. అమ్మ టీవీ పెట్టుకుని కూర్చుంది. వాడున్న చోట ఏం జరుగుతోందో తెలుసుకోవడానికి మాకు ఇంకో దారి ఏటుంది?

కరాచీ ఓడరేవు ధ్వంసమైపోయింది అన్నారు. ఇస్లామాబాద్ మన చేతికొచ్చేసింది అన్నారు. వాళ్ల సైన్యాధిపతిని వాళ్లే పట్టి బంధించారన్నారు. మాట మాటకీ సైరన్. అది టీవీలో మోగుతోందో ఊళ్లో మోగుతోందో అమ్మకి తెలియలేదు. మోగినప్పుడల్లా లేచి వీధిలోకెళ్లి ఆకాశం చూసి వచ్చేది. పక్క వీధిలో టపాసులు కాల్చారు. అమ్మ పసుపు గుడ్డలో రూపాయి బిళ్ల ముడివేసి పైడితల్లమ్మకి మొక్కుకుని, "మనోళ్లు అంత లోపలికి ఎల్లిపోతే మరి పిల్లడు ఎక్కడున్నట్టే?" అని నన్నడిగింది. ఏం చెప్పను?

తెల్లారేసరికి ఆ వార్తల్లో ఒక్కటీ నిజం కాదని తేలింది. మేము చూసిన ఛానల్లో మాత్రం ఆ ఊసే ఎత్తలేదు, కొత్త కేకలు మొదలుపెట్టారు. 10వ తారీఖు శనివారం సాయంత్రం 5 గంటల నుంచి కాల్పులు ఆగాయి. ఊరి వాట్సాప్ గ్రూపులో "ఆగింది, చాలు, దండం తల్లీ" అని రాశాను. అరగంట తిరక్కుండా నన్ను దేశద్రోహి అన్నారు. అన్నవాళ్లలో ఒకడు మా ఇంట్లో తమ్ముడి పక్కన కూర్చుని అన్నం తిన్న పిల్లడు.

ఇన్నాళ్లయినా ఆ మాట నాకు పోలేదు. జవాన్ల ఇళ్ల ఆడవాళ్లం ఏడెనిమిది మందిమి విజయనగరం మూడు లాంతర్ల దగ్గర ఒక సాయంత్రం అట్టలు పట్టుకుని నిలబడదాం అనుకుంటున్నాం. యుద్ధం వద్దని, దాన్ని పండగలా చూపించొద్దని. తమ్ముడి ఉద్యోగానికి ఏమైనా ఇబ్బందా? ఇది సైన్యాన్ని తక్కువ చెయ్యడమేనా?

రాజాం కుర్రోడు:
అక్కా, మీ బాధ నిజమే. కానీ అంతకుముందు ఏప్రిల్లో కశ్మీర్‌లోని పహల్గాంలో ఉగ్రవాదులు 26 మందిని చంపేశారు. ఆ తర్వాత కూడా యుద్ధం వద్దని మనం రోడ్డు మీద నిలబడితే అవతలివాళ్ల టీవీలు అదే చూపించుకుంటాయి. వాళ్లూ అబద్ధాలు చెప్పారు కదా. అలాంటప్పుడు జనం ధైర్యం చెడకూడదు. టీవీల మీద ఎంతైనా మాట్లాడండి, నేనూ వస్తాను. యుద్ధం వద్దు అనే అట్ట మాత్రం పట్టుకోకండి.

నెల్లిమర్ల మాజీ హవల్దార్:
తల్లీ, ముందు నీ భయం సంగతి. సైన్యం చట్టం 1950లో 21వ సెక్షన్ ఉంది. సభలకీ ప్రదర్శనలకీ వెళ్లడం, పత్రికలతో మాట్లాడడం గురించి జవానుకి కట్టుబాట్లు పెట్టడానికి అది. యూనిఫాం వేసుకున్నవాడికే ఆ కట్టు, వాడి అక్కకీ అమ్మకీ కాదు. తమ్ముణ్ణి మాత్రం రావద్దను, మీ ఫొటోలు ఎవరికీ పంపొద్దను. వాడి యూనిట్ పేరు, ఉన్న చోటు అట్టల మీద గానీ ఫోన్లో గానీ రాయకండి. రెండు మూడు రోజుల ముందు పోలీస్ స్టేషన్లో కాగితం ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకుని నకలు దగ్గర పెట్టుకోండి.

బాబూ రాజాం, నీకూ ఒక మాట. 2008లో ముంబయి దాడులప్పుడు మన కమాండోలు ఎటు నుంచి వస్తున్నారో టీవీలు ప్రత్యక్షంగా చూపించాయి. పాకిస్తాన్‌లో కూర్చున్నవాళ్లు అది చూస్తూ ఇక్కడి ముష్కరులకి ఫోన్లో చెప్పారు. కసబ్ కేసు తీర్పులో, 2012లో, సుప్రీంకోర్టు ఛానళ్లని గట్టిగా తప్పుపట్టింది. అలాంటి ప్రసారాలు వద్దని 2015లో కేబుల్ టీవీ నిబంధనల్లో కూడా రాశారు. అయినా 2025 ఏప్రిల్ 26న ఒకసారి, మే 9న మళ్లీ ప్రభుత్వం హెచ్చరించాల్సి వచ్చింది. సైరన్ మోత కార్యక్రమాల్లో వాడొద్దని విడిగా ఇంకో సూచన, జనం నిజం సైరన్ని కూడా పట్టించుకోవడం మానేస్తారని. జవాను ప్రాణం మీదకి తెచ్చింది ఎవరు? అట్ట పట్టుకున్న ఆడకూతురా?

1999లో నేను కార్గిల్ వైపు ఉన్నాను. మనవాళ్లు 527 మంది పోయారు. నాతో ఒకే పళ్లెంలో తిన్నవాళ్లు ఇద్దరున్నారు అందులో. యుద్ధం వద్దన్నవాళ్ల మీద నాకు ఎప్పుడూ కోపం రాలేదు. ఆ చలిలో మేమందరం మనసులో అనుకున్నది అదే కాబట్టి. అయినా ఉత్తర్వు వస్తే వెళ్లాం, రేపు వచ్చినా మీ తమ్ముడు వెళ్తాడు. వెళ్లేవాడికి వెనక ఇంట్లో నిద్ర ఉండాలి.

ఎచ్చెర్ల తీరం:
నాను సదువుకున్నది తక్కువ, తప్పులుంటే ఏటనుకోకండి. మా ఎచ్చెర్ల తీరం వోళ్లు వేట దొరక్క గుజరాత్ వెరావల్ బోట్ల మీద పనికి ఎల్తారు. 2018 నవంబర్లో సముద్రం మీద గీత తెలీక దాటేసినారని పాకిస్తాన్ వోళ్లు పట్టుకుపోయినారు. 2020 జనవరి 6న వాఘా కాడ 20 మందిని వొదిలినారు, అందరూ ఆంధ్రా వోళ్లే, మన శ్రీకాకుళం, విజయనగరం వోళ్లే ఎక్కువ.

మద్దిలో 2019 ఫిబ్రవరి వచ్చింది. పుల్వామాలో 40 మంది జవాన్లు పోనారు, తరవాత పాకిస్తాన్ బాలాకోట్ మీద మన ఇమానాలు బాంబులేసినాయి. టీవీలో కరాచీని బూడిద చెయ్యండి అని అరుస్తా ఉంటే మా వీధి ఆడోళ్లు సెవులు మూసుకున్నారు. ఆళ్ల మగోళ్లు కరాచీ జైల్లోనే ఉన్నారు మరి! ఒక్కడంటే ఒక్కడు ఆ మాట అన్నాడా టీవీలో? నేదు. అక్కా, నువ్వు ఏ రోజో సెప్పు, మేం బస్సెక్కి వొస్తాం.

పలాస విలేకరి:
పదకొండేళ్లు మండల విలేకరిగా చేశాను. ఆ రాత్రి డెస్కుకి ఫోన్ చేసి "కరాచీ సంగతి ఎవరు ధ్రువీకరించారు?" అని అడిగితే, "పక్క ఛానల్లో వచ్చేసింది" అన్నారు. అంతే, ఇంకేం లేదు. ఇరాక్‌లో మహావినాశ ఆయుధాలున్నాయన్న కథనాలు సరిగ్గా పరీక్షించకుండా వేశామని న్యూయార్క్ టైమ్స్ 2004 మే 26న పాఠకులకి రాసుకుంది. అప్పటికి ఇరాక్ మీద అమెరికా యుద్ధం మొదలై ఏడాది దాటిపోయింది, చచ్చినవాళ్లు తిరిగి రాలేదు. కానీ ఒప్పుకుంది. 2003 ఫిబ్రవరి 15న ఆ యుద్ధం వద్దని ఒక్క రోమ్‌లోనే 30 లక్షల మంది వీధుల్లోకి వచ్చారని గిన్నిస్ లెక్క. వాళ్ల అనుమానమే నిజమైంది. మీ సాయంత్రం వార్త నేను రాస్తాను. వేస్తారో లేదో మాట ఇవ్వలేను, ప్రతి పేపరుకీ పంపుతాను.

గజపతినగరం అక్క:
హవల్దార్ గారూ, కాగితం నిన్ననే రాసి ఇచ్చాం. నకలు మీద ముద్ర వేయించుకున్నాను.

రాజాం తమ్ముడూ, పహల్గాంలో భర్తని పోగొట్టుకున్న నేవీ అధికారి భార్య హిమాంశీ నర్వాల్ న్యాయం కావాలంది, ముస్లింల మీదా కశ్మీరీల మీదా పడొద్దంది. ఆవిణ్ణే ఎన్ని తిట్టారు! ఆ 26 మంది కోసం మాట్లాడే హక్కు ఆవిడకంటే ఎవరికుంది? అందుకే ఆ అట్ట నేను దించను. నువ్వు టీవీల అట్ట పట్టుకుని మా పక్కనే నిలబడు, మాకు సంతోషమే.

ఎచ్చెర్ల చెల్లీ, ఆదివారం సాయంత్రం నాలుగింటికి. బస్సు దిగి ఫోన్ చెయ్, మా ఇంట్లోనే భోజనం. అమ్మ కూడా వస్తానంది. ఏం రాయమంటావని అడిగితే చాలాసేపు ఆలోచించి, "నా కొడుకు ఉన్నాడో లేడో తెలీనప్పుడు టపాసులు కాల్చకండి అని రాయి" అంది. పెద్ద అక్షరాలతో రాశాను. అమ్మకి చదవడం రాదు, అయినా దాన్నే మాటిమాటికీ తీసి చూసుకుంటోంది.