పుట్టింటి పార్సెల్‌కి 20 పౌండ్లు: కట్టేసి ఊరుకోవాలా, తిరిగి అడగాలా?

తెనాలి అమ్మాయి (లీడ్స్, యూకే):
పాప మొదటి పుట్టినరోజుకి అమ్మ పార్సెల్ పంపింది. పాపకి పట్టులంగా, నాకు చీర. పార్సెల్ రాలేదు, ఒక కార్డు వచ్చింది. వ్యాట్ 12 పౌండ్లు, హ్యాండ్లింగ్ ఫీజు 8, మొత్తం 20 కడితేనే ఇస్తారట. కూతురికీ మనవరాలికీ అమ్మ పెట్టిన బట్టలకి పన్నేంటండీ? తీసుకోకుండా వెనక్కి పంపేద్దామా అనిపిస్తోంది.

కోనసీమ కుర్రాడు (స్లౌ):
అక్కా, కట్టేసి మర్చిపోండి. 12 పౌండ్ల కోసం ఫారాలు ఎవరు నింపుతారు? ఈసారి డిక్లరేషన్ చీటీ (లోపలేముందో, విలువెంతో పంపేవాళ్లు రాసేది) మీద విలువ 20 పౌండ్లని రాయించండి. మా ఇంట్లో అదే చేస్తాం.

కార్డిఫ్ వదిన:
తమ్ముడూ, ఆ సలహా మాత్రం ఇవ్వకు. అబద్ధపు విలువ కింద సంతకం పెట్టేది ఊళ్లో ఉన్న అమ్మ. మా అత్తగారు పంపిన పార్సెల్ దారిలో పోయింది. లోపల 9,000 రూపాయల చీర, చీటీ మీద మేం రాయించింది 1,500. పరిహారం అడిగితే ఆ 1,500 చూపించారు. ఆవిడ ముందు తలెత్తుకోలేకపోయాను.

అమ్మాయ్, వెనక్కి పంపకు. మామూలుగా మూడు వారాలే ఉంచుతారు. ముందు కట్టి తీసుకో, పెట్టె మీద చార్జీ లేబుల్, డిక్లరేషన్ చీటీ చింపకుండా దాచు. కట్టిన పన్ను తిరిగి అడగడానికి, ఇక్కడి తపాలా సంస్థలు రాయల్ మెయిల్ గానీ పార్సెల్‌ఫోర్స్ గానీ తెస్తే బీవోఆర్ 286 ఫారం, కొరియర్ అయితే సీ285. ఇంతకీ చీటీ మీద ఏం రాశారు?

తెనాలి అమ్మాయి:
ఈరోజు కట్టి తెచ్చుకున్నాను వదినా. ‘కానుక, సిల్క్ బట్టలు, 60 పౌండ్లు’ అని ఒక్కటే వరుస ఉంది. బిల్లుల ప్రకారం లంగా 25, చీర 35. 39 పౌండ్ల లోపు కానుకకి వ్యాట్ ఉండదుగా, రెండూ విడివిడిగా ఆ లోపే కదా, 12 పౌండ్లూ తిరిగి రావాలి!

కొవెంట్రీ బాబాయ్:
అక్కడే నేను ఒప్పుకోనమ్మా. ఒకే పెట్టెలో ఇద్దరికి కానుకలుంటే ఎవరిది వాళ్ల పేరుతో విడిగా చుట్టి, డిక్లరేషన్‌లో వేర్వేరు వరుసల్లో రాయాలి. అప్పుడే ఒక్కొక్కరికి 39 పౌండ్ల మినహాయింపు. నీ చీటీ చూసినవాళ్లకి అది 60 పౌండ్ల ఒకే కానుక. చీర మీద 7 పౌండ్లు అడిగే హక్కు లేదు. కానీ చిన్నపిల్లల బట్టలకి ఈ దేశంలో వ్యాట్ సున్నా, దిగుమతికీ అంతే. లంగా మీద పడ్డ 5 పౌండ్లు నీవి. బిల్లు, లంగా ఫొటో జతచేసి అవి అడుగు.

కోనసీమ కుర్రాడు:
5 పౌండ్లకి ఇంత టెన్షనా బాబాయ్?

కొవెంట్రీ బాబాయ్:
పాపాయికి ఏటా ఒక పుట్టినరోజు వస్తుంది నాయనా. చీటీ రాయడం ఇప్పుడు నేర్చుకుంటే ప్రతి ఏడూ కట్టక్కర్లేదు.

తెనాలి అమ్మాయి:
అర్థమైంది బాబాయ్, 5 పౌండ్లకే రాస్తాను. పాప పెరిగాక విప్పుకోవచ్చని అమ్మ లంగా అంచు పైన రెండు మడతలు వేసి చేత్తో కుట్టింది. ఆ మడతలు కనిపించేలా ఫొటో తీశాను, పిల్లల లంగా అని చూడగానే తెలుస్తుంది. సంక్రాంతికి పంపేటప్పుడు ఎవరి పొట్లం మీద వాళ్ల పేరు రాయమని అమ్మకి ఫోన్‌లో చెప్పాను.