చెట్లు కొట్టే పనికి చౌక మిషనా, కంపెనీ మిషనా?

సరుగుడుతోట: ఇన్నాళ్లూ ముఠాలో కూలికి వెళ్లాను. ఇప్పుడు సొంతంగా సరుగుడు, జామాయిల్ కోతలు ఒప్పుకుందామనుకుంటున్నాను. ఊళ్లో ఇళ్ల దగ్గర వేప, మామిడి చెట్లు కూడా కొట్టాల్సి వస్తుంది. ఆన్‌లైన్‌లో 58 సీసీ, 22 అంగుళాల బార్ (చైన్ తిరిగే పొడవాటి పట్టీ) ఉన్న చైనా రంపం మిషన్, అంటే చైన్‌సా, చౌకగా వస్తోంది. స్టిల్, హస్క్‌వర్నా కంపెనీల మిషన్ల ధర దానికి కొన్ని రెట్లు. ఏది తీసుకోమంటారు?

గోదారిగట్టు: తమ్ముడూ, సీసీ చూసి కొనొద్దు. 58 అని స్టిక్కర్ వేసినవాటిలో కొన్నింటి ఇంజిన్ అంతకన్నా చిన్నదే. తోటలో కొమ్మలు నరుక్కునే రైతుకైతే పర్వాలేదు. నీది పేపర్ మిల్లు లోడు. మధ్యాహ్నం మిషన్ వేడెక్కి స్టార్ట్ కాకపోతే మనుషులు ఖాళీగా కూర్చుంటారు, లారీ ఆగిపోతుంది. వాళ్ల కూలి, లారీ వెయిటింగ్ నువ్వే కట్టాలి. రోజూ కోత ఉంటే కంపెనీదే కొను. సరుగుడుకు పెద్ద బార్ అక్కర్లేదు, 16 అంగుళాలు చాలు. బరువు తగ్గితే నడుము కూడా బాగుంటుంది.

పాలేరు_రైతు: నేను ఒప్పుకోను అన్నా. మా దగ్గర చౌక మిషన్లతోనే సుబాబుల్ కొడుతున్నారు. కార్బొరేటర్ పోతే కొద్ది డబ్బుతో కొత్తది వేసుకుంటారు. కంపెనీ పార్టు కావాలంటే మాకు ఖమ్మం పోవాలి.

రంపం_మెకానిక్: ఇద్దరూ ఆయిల్ సంగతి వదిలేశారు. నా దగ్గరకు వచ్చేవాటిలో పిస్టన్ పట్టేసినవే ఎక్కువ. స్టిల్‌కు వాళ్ల టూ స్ట్రోక్ ఆయిల్ అయితే లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్లు. చైనావాటికి చాలావరకు 25 పాళ్ల పెట్రోలుకు 1 పాలు ఆయిల్, అంటే లీటరుకు 40 మిల్లీలీటర్లు. అందాజాగా పోయకుండా కొలత సీసా వాడండి. చైన్‌కు వాడేసిన ఇంజిన్ ఆయిల్ పోస్తే దానికి ఆయిల్ అందించే పంపు పాడవుతుంది.

మిషన్ ఏదైనా చైన్, ఆకురాయి మాత్రం మంచివి కొనండి. పిచ్ అంటే చైన్ లింకుల ఎడం, అంగుళాల్లో. .325 పిచ్ చైన్‌కు 4.8 ఎంఎం ఆకురాయి, సన్నరకం (లో ప్రొఫైల్) 3/8 పిచ్ చైన్‌కు 4 ఎంఎం. పొట్టు పిండిలా రాలుతోందంటే పదును పోయినట్టే. అప్పుడు బలంగా నొక్కితే బార్, క్లచ్ రెండూ అరిగిపోతాయి.

గోదారిగట్టు: మెకానిక్ గారి మాట నిజం. ఇంకోటి, చైన్ బ్రేక్ సరిగా పట్టని మిషన్ ఎంత తక్కువకొచ్చినా ముట్టుకోవద్దు. బార్ కొస పైభాగం దుంగకు తగిలితే మిషన్ ఎగిరి మొహం మీదకే వస్తుంది. ఇళ్ల మధ్య చెట్టుకు తాడు కూడా కొత్తది వాడు. ఎండకు పెళుసెక్కిన నైలాన్ తాడును నమ్మి కొమ్మ దించొద్దు. హెల్మెట్, కళ్లద్దాలు మిషన్‌తో పాటే కొను.

సరుగుడుతోట: అంత డబ్బు ఇప్పుడు లేదన్నా. సెకండ్ హ్యాండ్ స్టిల్ చూడొచ్చా?

రంపం_మెకానిక్: చూడొచ్చు. సైలెన్సర్ విప్పించి పిస్టన్ చూడు, నిలువు గీతలు ఉంటే వదిలెయ్. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, పావుగంట కోశాక ఇంకోసారి స్టార్ట్ చేయించు. వేడి మీద మొరాయిస్తే బేరం ఆడకుండా వచ్చెయ్.