పాప ప్రాజెక్టును ‘చెత్త’ అన్నారు. స్కూలుకెళ్ళి మాట్లాడాలా, థర్మోకోల్ కొనాలా?

మధురవాడ మేడం

మా అమ్మాయి తొమ్మిదో తరగతి, సీబీఎస్ఈ. వాళ్ళకి ఆర్ట్ ఇంటిగ్రేటెడ్ ప్రాజెక్ట్ అని ఒకటి ఉంటుంది, పిల్లలున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. పాఠానికి ఒక కళను జోడించాలి. ఆ కళ మనకి జత కలిపిన రాష్ట్రానిది అయి ఉండాలి. రాష్ట్రాలను జతలు కలిపే కేంద్ర కార్యక్రమం ‘ఏక్ భారత్ శ్రేష్ఠ భారత్’లో ఆంధ్రప్రదేశ్‌కి జత పంజాబ్. అందుకే విశాఖలో ఏటా ఇన్ని స్వర్ణ దేవాలయాలు థర్మోకోల్‌తో లేస్తుంటాయి. సగం నాన్నలు కట్టినవి, సగం స్టేషనరీ షాపు వాళ్ళు కట్టినవి అని నా అంచనా. ఆధారాలు అడగొద్దు.

ఈసారి సోషల్‌లో వచ్చిన పాఠం ‘పీపుల్ యాజ్ రిసోర్స్’. ఇంట్లో ఆడవాళ్ళు చేసే పనికి డబ్బు రాదు కాబట్టి జాతీయాదాయం లెక్కలోకి రాదు అన్న సంగతి అందులో ఉంది. నేను యూనివర్సిటీలో ఎకనామిక్స్ చెప్తాను. ఎం.ఏ. పిల్లలకి ఏటా చెప్పేదీ ఇదే. ఎవరు ఏ పనికి ఎంత టైమ్ పెడతారో లెక్కేసే కేంద్ర ప్రభుత్వ టైమ్ యూజ్ సర్వే 2024లో, ఇంటిపని చేసిన ఆడవాళ్ళకి దానికి రోజుకి సగటున 289 నిమిషాలు పట్టింది, చేసిన మగవాళ్ళకి 88 నిమిషాలు. 2019లో ఇవే 299, 97. ఆడవాళ్ళకి పది నిమిషాలు తగ్గితే మగవాళ్ళు తొమ్మిది తగ్గించుకున్నారు. ఈ మాట చెప్పగానే క్లాసులో అబ్బాయిలు నవ్వుతారు.

ఆ స్లైడ్లలో ఒక ఫొటో ఉంటుంది. మియర్లీ లాడర్‌మన్ యూకలీస్ అని న్యూయార్క్ ఆర్టిస్టు. 1968లో బిడ్డ పుట్టాక ఆవిడకి రోజంతా కడగడం, తుడవడం, సర్దడంతోనే సరిపోయేది. అయితే ఇదే నా ఆర్ట్ అని 1969లో ఒక మేనిఫెస్టో రాసింది. 1973లో హార్ట్‌ఫర్డ్‌లోని వాడ్స్‌వర్త్ ఎథీనియం అనే మ్యూజియం మెట్లు నీళ్ళు పోసి కడిగింది. ఆ ఫొటో నా లాప్‌టాప్‌లో చూసి మా అమ్మాయి, “దీనికి మ్యూజియం వాళ్ళు డబ్బులిచ్చారా?” అని అడిగి వెళ్ళిపోయింది. అంతటితో అయిపోయిందనుకున్నా.

తర్వాత చూస్తే అది నా రోజును పోగుచేస్తోంది. జిప్ కవర్లలో. పాల ప్యాకెట్ కత్తిరించిన మూల. బీన్స్ ఈనెలు. కార్‌షెడ్ జంక్షన్లో స్కూల్ బస్సు ఎక్కించే హడావిడిలో నా చేతిలోనే ఉండిపోయిన దాని రబ్బర్ బ్యాండ్. పెట్రోల్ బంకు రసీదు, దాని కింద ‘హనుమంతవాక దగ్గర ఆగిన టైమ్ కలిపి’ అని నోట్. నాక్ (యూనివర్సిటీలకి గ్రేడ్ ఇచ్చే సంస్థ) ఫైలు కోసం తీసి, ఫార్మాట్ మారిందని పారేసిన జిరాక్స్. జవాబు పత్రాల కట్టకి కట్టే దారం ముక్క (దారం మాత్రమే, కంగారుపడకండి). మా రీసెర్చ్ స్కాలర్ చాప్టర్లో నా టీ కప్పు అచ్చు పడిన పేజీ. రాత్రి 9.40కి స్కూల్ గ్రూపులో వచ్చిన ‘డియర్ పేరెంట్స్, రేపు పిల్లలు పసుపు రంగు డ్రెస్సులో రావాలి’ మెసేజ్ ప్రింటు, దాని పక్కన ఆ రాత్రి నేను ఇస్త్రీ చేసిన చున్నీ అంచు పోగు.

ఒక్కోదాని కింద టైమ్, ఎన్ని నిమిషాలు పట్టింది, డబ్బు వచ్చిందా లేదా అని రాసింది. క్లాసులకి ‘వచ్చింది’. కూరకి ‘రాలేదు’. రాత్రి పదకొండుకి మంచం మీద దిద్దిన చాప్టర్ కింద మాత్రం ‘అమ్మని అడగాలి’ అని ఉంది. అడిగింది కూడా. నాకూ జవాబు తోచలేదు. ప్రమోషన్ ఫైల్లో దానికి పాయింట్లు ఉన్నాయి, జీతం స్లిప్పులో గంటలు లేవు.

రెండు పెద్ద చార్టులు. అందంగా లేవు, ఈనెలు ఎండి నల్లబడ్డాయి. నాకు మాత్రం అది చూస్తే నవ్వూ వచ్చింది, కళ్ళల్లో నీళ్ళూ తిరిగాయి.

స్కూల్లో టీచర్ చూసి, “నీట్‌నెస్ లేదు, పంజాబ్ లేదు, ఇది చెత్త. సోమవారానికి మళ్ళీ చేసి తీసుకురా” అన్నారట. పాప ఏడవలేదు. చార్టులు చుట్టి మంచం కిందకి తోసేసి, ఫుల్కారీ (పంజాబ్ కుట్టుపని) డిజైన్ ప్రింట్ తీసి రంగులేసేస్తా అంటోంది. మా ఆయన పరవాడలో షిఫ్ట్ డ్యూటీ. “ఐదు మార్కులకి ఎందుకింత టెన్షన్, గుడి నేను కట్టేస్తా” అంటున్నారు. నాకేమో వెళ్ళి మాట్లాడాలని ఉంది. కానీ యూనివర్సిటీ మేడం వచ్చి మాకు పాఠం చెప్పి వెళ్ళింది అనుకుంటారు. ఆ టీచరుకీ క్లాసు నిండా పిల్లలు, కట్టలు కట్టలుగా ప్రాజెక్టులు, ఇంటికెళ్తే ఆవిడ బీన్స్ ఆవిడకి ఉంటాయి.

వెళ్ళనా, ఊరుకోనా? ఇంకోటి, ఇలాంటి ఆర్ట్ పాపకి ఎదురుగా చూపించాలంటే విశాఖలో ఎక్కడికి తీసుకెళ్ళాలి?

కొమ్మాది నాన్న

మేడం, ముందు ఆ బీన్స్ ఈనెలు జాగ్రత్తగా దాచండి. ఆర్ట్ అని గోడకి టేపుతో అంటించిన అరటిపండు 2019లో మయామీలో లక్షా ఇరవై వేల డాలర్లకి అమ్ముడైంది. అదే 2024 నవంబర్లో న్యూయార్క్ వేలంలో 62 లక్షల డాలర్లు పలికింది. కొన్నాయన పండు తినేశాడు కూడా.

జోక్ పక్కన పెడితే, నేను మీ ఆయన పార్టీ. ఇంటర్నల్ మార్కులు టీచర్ చేతిలో ఉంటాయి. ఇంట్లో ఫౌండేషన్ క్లాసులు, ట్యూషన్లు, ఒలింపియాడ్లు ఉండగా దీని మీద యుద్ధమెందుకు? పోయినేడాది మా వాడికి భాంగ్రా బొమ్మలు నేనే చేశాను, రాత్రి రెండైంది. బి ప్లస్ ఇచ్చారు నాకు. ఇంకా బాధగానే ఉంది.

కూర్మన్నపాలెం

పాప చేసింది బాగుంది. మీరు రాసిందాంట్లో నాకు ఒకటి కనిపించలేదు. మీ ఇంట్లో అంట్లు తోమే ఆవిడ ఏ కవర్లో ఉన్నారు? యూనివర్సిటీ ఉద్యోగం, మధురవాడలో ఫ్లాట్, పనిమనిషి లేకుండా నడవదని నాకు తెలుసు, మా ఇల్లూ అంతే. ఆవిడకి డబ్బొస్తుంది, కానీ ఆవిడ ఇంట్లో ఆవిడ వంటకి రాదు కదా.

యూకలీస్ కూడా తన ఇంటి దగ్గరే ఆగిపోలేదు. 1979, 80లలో న్యూయార్క్ పారిశుధ్య కార్మికులు 8,500 మందిని కలిసి, ఒక్కొక్కరికీ చెయ్యి కలిపి థాంక్స్ చెప్పింది. అది స్లైడ్లలో ఉందా?

భీమిలి డ్రాయింగ్ మాస్టారు

అమ్మా, నేను రిటైరయ్యాను. చాలా ఏళ్ళు హైస్కూల్లో డ్రాయింగ్ చెప్పాను. పిల్లలు తెచ్చినవాటిని నేనూ ‘చెత్త’ అన్న రోజులుంటాయి, పిల్లల పేరుతో తల్లిదండ్రులు చేసిన నలభై బొమ్మల మధ్య. కాబట్టి ఆ టీచరమ్మని వదిలేద్దాం. ఆవిడ అన్నదాంట్లో ఒక్క మాటకి మాత్రం విలువుంది. పంజాబ్ లేదు. అది రూలు, అది పూర్తి చెయ్యాలి.

అయితే పాప ఫుల్కారీ ప్రింటుకి రంగులేస్తానంటోంది చూశారా, అక్కడ నాకు బాధేసింది. ఎందుకంటే ఫుల్కారీ అంటేనే మీ పాప చెప్పాలనుకున్న విషయం. అది దర్బారు కళ కాదు, గుడి కళ కాదు. పంజాబ్ పల్లెల్లో ఆడవాళ్ళు పొలం పని, ఇంటి పని అయ్యాక కూర్చుని, ఇంట్లో వడికిన నూలుతో నేసిన ముతక ఖద్దరు మీద పట్టు పోగుతో కుట్టుకున్నది. అమ్మడానికి కాదు. మనవరాలు పుడితే అమ్మమ్మో నానమ్మో దాని పెళ్ళి కోసమని మొదలుపెట్టేవారు. గుడ్డ కనిపించకుండా మొత్తం కుట్టుతో నింపేస్తే దాన్ని బాగ్ అంటారు, నెలల తరబడి పని. దానికి కూలీ ఎవరిచ్చారు? పాప చార్టులో దాని కింద ఏం రాస్తుంది?

ఇంకో విశేషం. అసలైన ఫుల్కారీని గుడ్డ వెనకవైపు నుంచి కుడతారు, పోగులు లెక్కపెట్టుకుంటూ. గీసిన బొమ్మ ఉండదు, అంతా లెక్కే. ఎగ్జిబిషన్ సేల్స్‌లో ఎక్కడైనా చేత్తో కుట్టిన దుపట్టా కనిపిస్తే కొనకపోయినా ఫర్లేదు, తిరగేసి చూపించండి. మిషన్ కుట్టుదైతే వెనక చూడగానే తెలిసిపోతుంది.

రెండో ప్రశ్నకి. దూరం ఎందుకమ్మా, మీ ఊళ్ళోనే ఆంధ్ర విశ్వవిద్యాలయం ఫైన్ ఆర్ట్స్ డిపార్ట్‌మెంట్ ఉంది. అక్కడ పాఠాలు చెప్పినవాళ్ళలో శిల్పి రవీందర్ రెడ్డి గారు, చిత్రకారుడు వి. రమేష్ గారు ఉన్నారు, దేశమంతా తెలిసిన పేర్లు. రవీందర్ రెడ్డి గారి స్త్రీల తలలు పాపకి ఫోన్లోనైనా చూపించండి. ఫైబర్‌గ్లాస్‌తో మనిషంత ఎత్తున, కళ్ళు ఇంతింత చేసుకుని, కొప్పు నిండా పూలతో ఉంటాయి. రైతుబజారులో మనతో బేరమాడే ఆవిడ ముఖమే, బంగారు పూతతో దేవత సైజులో. డిపార్ట్‌మెంటుకి ఫోన్ చేసి అడిగి వెళ్ళండి. అక్కడ స్టూడెంట్లు మట్టిలో చేతులు పెట్టి పనిచేస్తుంటే చూడడం గ్యాలరీ కంటే మేలు. డబ్బు, సెలవు రెండూ కుదిరితే కొచ్చి బినాలే, అంటే రెండేళ్ళకోసారి జరిగే పెద్ద ఆర్ట్ ఎగ్జిబిషన్. 2012లో మొదలైంది, పాత గిడ్డంగుల్లో పెడతారు. పిల్లలకి విసుగు పుట్టదు.

మీరు స్కూలుకి వెళ్ళొద్దు. పాపని పంపండి.

పీఎం పాలెం

మాస్టారూ, పోగులు లెక్కపెట్టడం అనగానే నా బుర్ర తిరిగింది, సాఫ్ట్‌వేర్ బుద్ధి. రోజుకి 1440 నిమిషాలు. ఒక కుట్టు పది నిమిషాలనుకుంటే 144 కుట్లు. అంటే 12 అడ్డం, 12 నిలువు, సరిగ్గా చదరం! నిద్రకి ఒక రంగు, జీతం వచ్చే పనికి ఒకటి, రాని పనికి ఒకటి. ఒక మనిషి రోజు ఒక ఫుల్కారీ గడి అవుతుంది. పక్కన ఇంకో మనిషి రోజు. నీట్‌నెస్, పంజాబ్, ఎకనామిక్స్ అన్నీ వచ్చేశాయి. చార్టులు పక్కన పెట్టుకుంటే ఏ కుట్టు ఏమిటో తెలుస్తుంది.

మధురవాడ మేడం

అందరికీ థాంక్స్. మాస్టారూ, నమస్కారం. మీరు రాసింది పాపకి చదివి వినిపించాను. మంచం కింద నుంచి చార్టులు అదే తీసుకుంది. గ్రాఫ్ పేపర్ మీద గళ్ళు నింపుకుని టీచర్ దగ్గరికి వెళ్ళింది. ఆవిడ కాసేపు చూసి, “ఫుల్కారీ గురించి ఒక పేరా రాయాలి, కవర్లు పారదర్శకంగా శుభ్రంగా ఉండాలి, ఆ కుళ్ళినవి తీసెయ్” అన్నారట. ఇంకో వారం టైమిచ్చారు. ఈనెలు పోయాయి, కొమ్మాది నాన్నగారు క్షమించాలి.

కూర్మన్నపాలెం గారికి. మా పనావిడ చార్టులో ఉన్నారు, కానీ ఎలా ఉన్నారంటే ‘8.10: ఆంటీ వచ్చారు. అమ్మ సంతోషం’ అని. అంతే. మీ రిప్లై చూశాక పాప ఆవిణ్ణి కూర్చోబెట్టి రోజంతా అడిగింది. “ఏటమ్మా, నా పనికి కూడా మార్కులేత్తారా?” అని నవ్వి, తెల్లారకముందు వాళ్ళింట్లో నీళ్ళు పట్టడం దగ్గర్నుంచి చెప్పుకొచ్చారు. ఆవిడ గడిలో నిద్ర రంగు కుట్లు నా గడిలో కంటే తక్కువ. నా గడి పక్కనే కుడుతోంది. చెయ్యి కలిపిన సంగతి స్లైడ్లలో లేదు, వచ్చే సెమిస్టర్‌కి చేరుస్తున్నా.

నాన్న గడి దగ్గర మాత్రం గొడవ నడుస్తోంది. మధురవాడ నుంచి పరవాడకి కంపెనీ బస్సులో వెళ్ళే టైమ్‌ని జీతం వచ్చే పనిగా కుట్టాలని ఆయన, బస్సులో పడుకుంటావు కదా, నిద్ర రంగే అని పాప. మాటీ క్లాత్ (గళ్ళు లెక్కపెట్టి కుట్టుకునే గుడ్డ) మా వైపు షాపుల్లో దొరకలేదు. ఎక్కడ దొరుకుతుందో ఎవరైనా చెప్తారా?

పీఎం పాలెం

పూర్ణా మార్కెట్ వైపు అడిగి చూడండి. ఎక్కువే తీసుకోండి, ఆ బస్సు గొడవ తేలేలోపు ఒకసారి విప్పి కుట్టాల్సి వస్తుంది.